పిల్లలు మతోన్మాద గ్రూపుల్లో చిక్కుకుంటే ఇంట్లోవాళ్ళు ఏం చెయ్యాలి? (బెంగళూరు తెలుగువాళ్ళ చర్చ)

మారతహళ్ళి_తెలుగు
పదో తరగతి, పీయూసీ (ఇంటర్) పిల్లలు ఫోన్లో ద్వేషం నూరిపోసే గ్రూపుల్లో పడుతున్నారు. ఏ మతమైనా తీరు ఒకటే. ముందు ఏం చెయ్యాలో తెలిసినవాళ్ళు వివరంగా రాయండి.

కౌన్సెలర్_బసవనగుడి
భక్తి పెరగడం ప్రమాదం కాదండీ. పూజ, నమాజు, ఉపవాసం, బట్టల తీరు చూసి నిలదీస్తే "ఇంట్లోవాళ్ళే నీకు అడ్డు" అని గ్రూపులో చెప్పిన మాటకు మీరే సాక్ష్యమిచ్చినట్టవుతుంది. గమనించాల్సినవి వేరు: పాత స్నేహితుల్ని ఒక్కసారిగా వదిలెయ్యడం, అవతలి మతంవాళ్ళని పురుగులనడం, చంపినా తప్పులేదనడం. వీడ్కోలు మాటలు, దాచిన టికెట్లు, ఆయుధం కనిపిస్తే కౌన్సెలింగ్ కోసం ఆగకండి, వెంటనే 112కి ఫోన్ చెయ్యండి.

మతం మీద వాదనకు దిగొద్దు. ఏ ప్రశ్నకు ఏం జవాబివ్వాలో వాళ్ళకి ముందే నేర్పి ఉంటారు. "ఆ అన్న ఎలా పరిచయం? వాళ్ళతో ఉంటే నీకేం బాగుంటుంది?" అని అడిగి, మధ్యలో అడ్డురాకుండా వినండి. క్లాసులో అందరూ ఏడిపించే పిల్లాడికి ఆ గ్రూపులో వీరుడన్న పేరు దొరుకుతుంది. ఆ లోటు తెలియకపోతే ఏ వైద్యమూ పట్టదు.

వైట్‌ఫీల్డ్_నాన్న
ఫోన్ లాగేసుకుంటే సరిపోదా?

సైబర్_కేఆర్‌పురం
సరిపోదండీ. స్నేహితుడి ఫోన్లో రెండో అకౌంట్ తెరుస్తాడు, ఇప్పుడు మీకు కనిపిస్తున్నది కూడా కనిపించకుండా పోతుంది. వాడికి చెప్పే, పక్కన కూర్చుని టెలిగ్రామ్‌లో డివైసెస్, వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూడండి. తెలియని లాగిన్ ఉంటే ముందు ఫొటో తీసి, తర్వాత తొలగించండి. టెలిగ్రామ్ సీక్రెట్ చాట్‌కి టైమర్ పెడితే మెసేజీలు చెరిగిపోతాయి. ఆండ్రాయిడ్‌లో వాటికి స్క్రీన్‌షాట్ కూడా పడదు. బెదిరింపు గానీ, రమ్మన్న చోటు గానీ ఉంటే అకౌంట్ పేరు, టైము పడేలా వేరే ఫోన్‌తో ఫొటో తియ్యండి. గ్రూపులో వచ్చిన ద్వేషపు వీడియోలు బంధువులకు ఫార్వర్డ్ చేస్తే చిక్కు మీకే.

లాయర్_శివాజీనగర్
పోలీసులు తీసుకెళ్తే బాలల న్యాయ చట్టం, 2015 వర్తిస్తుంది. 18 నిండనివాళ్ళని లాకప్‌లో పెట్టకూడదు. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో బాలల న్యాయమండలి ముందు హాజరుపరచాలి. "మైనరే కదా" అని మాత్రం ధీమాగా ఉండొద్దు. 16 నిండినవాళ్ళ మీద ఘోరమైన నేరం మోపితే, పెద్దవాళ్ళలా విచారించాలా అన్నది మండలి పరిశీలిస్తుంది. పిల్లల్ని చట్టవిరుద్ధ పనులకి వాడుకునే పెద్దలకు సెక్షన్ 83 కింద 7 ఏళ్ళ దాకా కఠిన శిక్ష, 5 లక్షల జరిమానా ఉన్నాయి. కాబట్టి చేర్చుకున్నవాడి వివరాలు దాచకండి. ఉచిత న్యాయ సహాయానికి 15100. అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో పిల్లాడి పేరు, ఫొటో పెట్టడం దయచేసి ఆపండి. సెక్షన్ 74 దాన్ని నిషేధిస్తుంది.

కౌన్సెలర్_బసవనగుడి
మార్పుకి నెలలు పడుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇక్కడి మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది. కుంగుబాటు, నిద్రలేమి ఉన్నాయేమో ముందు తేల్చుకోండి. డెన్మార్క్‌లోని ఆర్హూస్ నగరం ఇలాంటి యువకులకి ఒక్కొక్కరికీ ఒక మార్గదర్శిని జతచేస్తుంది. మన దగ్గర ఆ పని మేనమామో క్రికెట్ కోచో చెయ్యొచ్చు, కానీ వారం వారం తప్పకుండా కలవాలి. అదే మతంలో హింసను ఒప్పుకోని పండితుడి దగ్గరికి నమ్మకం కుదిరాకే తీసుకెళ్ళండి.

ఊళ్ళో అమ్మమ్మ దగ్గరికి పంపెయ్యడం చాలామంది చేసే పని. ఫోనూ గ్రూపూ వెంటే వెళ్తాయి, చదువూ స్నేహాలూ ఇక్కడే పోతాయి. బడి మాన్పించకండి. స్టాఫ్ అందరికీ చెప్పకుండా, పిల్లాడు నమ్మే ఒక్క టీచర్‌కి చెప్పి, తరగతిలో ఎవరైనా ఏడిపిస్తున్నారేమో కనిపెట్టి చూడమనండి.