‘సమాధులు లేవని’... ఆ ప్రశ్న ఎక్కడ పడాలి?

బైబిల్లో నిర్గమకాండం 14లో ఒక మాట వారం నుంచి నన్ను వదలడం లేదు. వెనక ఐగుప్తు రాజు ఫరో రథాలు, ముందు సముద్రం. తమను ఐగుప్తు నుంచి బయటికి నడిపించిన మోషే మీద జనం విరుచుకుపడతారు: “ఐగుప్తులో సమాధులు లేవని యీ అరణ్యములో చచ్చుటకు మమ్మును రప్పించితివా?” అక్కడ ‘లేవని’యా, ‘లేకనా’నా? మా అమ్మమ్మ ‘లేకనా’ అని చదివినట్టే గుర్తు.

— ‘లేవని’యే, 11వ వచనం. కానీ చూడాల్సింది ‘రప్పించితివా’ చివరి ‘ఆ’. హీబ్రూ మూలంలో ప్రశ్నను తెచ్చే ‘హ’ మొదట్లోనే ఉంది: ‘హమిబ్బిలీ’. మన బైబిల్లో అది క్రియ మీదికి జారింది. “సమాధులు లేవనా తీసుకొచ్చావు?” అంటేనే ఆ దెప్పు తగులుతుంది. పిరమిడ్ల దేశంలో సమాధులకు కరువా!

— ఒప్పుకోను. ‘లేవని’ దగ్గర గొంతు కాస్త ఎత్తి చదవండి, దెప్పు అదే వస్తుంది. నా పేచీ వేరు. ‘మిబ్బిలీ ఏన్’లో ‘లేదు’ రెండుసార్లు ఉంది. యూదు వ్యాఖ్యాత రాషి 11వ శతాబ్దంలోనే ఇక్కడ ఆగి, పాత ఫ్రెంచిలో కూడా అర్థం చెప్పాడు. తెలుగులో ఒక్క ‘లే’ మిగిలింది.

— అది హీబ్రూ నుడికారమేనండీ. 2 రాజులు 1లో ఏలీయా ప్రవక్త నోట కూడా అదే: ఇశ్రాయేలులో దేవుడు లేడనా ఎక్రోను దేవత దగ్గరికి పోతున్నారు? అక్కడా ‘హమిబ్బిలీ ఏన్’.

— ‘అని’ని తక్కువ చేయకండి. రామదాసు “ఎవడబ్బ సొమ్మని” అన్నప్పుడు బరువంతా దాని మీదే. ఎదుటివాడు అనుకోనిదాన్ని అతనికి అంటగట్టి నిలదీయడం అది.

— రామదాసు అడిగింది దేవుణ్ణే, వీళ్లు అడిగింది మోషేని. ఆ సాటి, కష్టాల్లో దేవుణ్ణే నిలదీసిన యోబుకే చెల్లుతుంది. మనుష్యుడు ఏపాటివాడని 8వ కీర్తన మురిసిపోతే, యోబు 7లో అదే మాటను తిప్పికొట్టాడు: నా మీద ఇంత కన్నెందుకు, ఉమ్మి మింగేంతసేపైనా వదలవా? హీబ్రూలో ఉమ్మే ఉంది. మనవాళ్లు ‘గుటక’ చేశారు.

— గుటకే మేలు మాష్టారూ. గుటక వేయనివ్వడం లేదని మనం రోజూ అనే మాటే కదా.

— మేలు ఎలా అవుతుంది? ఒళ్లంతా పుండ్లతో బూడిదలో కూర్చున్నవాడి నోట ‘ఉమ్మి’ అన్న మాటే ఉండాలి.

— ఇంతకీ మా అమ్మమ్మ ‘లేకనా’ తప్పేనా?

— ఆవిడ చదివిన ప్రతి ఏ సంవత్సరంలో అచ్చయింది?