పాత జీపును ఫొటో కోసం గడ్డిలోకి దింపవచ్చునా?

కొండదారి:
మా పెదనాన్నగారు వాడిన మహీంద్రా సీజే-3బీ జీపు ఇప్పుడు నా దగ్గర ఉంది. వానలు వెనుకబట్టాక మారేడుమిల్లి మీది గుడిస కొండపై, తెల్లవారు వెలుతురులో దాన్ని ఫొటోలు తీయాలని ఆశ. ఇంతవరకు దారి మీద నిలిపి తీసిన చిత్రాల్లో బండి ఆ కొండకు చెందినట్టు కాక, ఎక్కడికో వెళుతూ కాసేపు ఆగినట్టు కనిపిస్తోంది. ఫొటో కోసం దారి వదిలి గడ్డి మధ్యకు నడపడం తప్పా, కాదా అన్నదే నా ప్రశ్న.

పాతఇంజను:
తప్పు కాదని నా అభిప్రాయం. 1947లో మహీంద్రా వారు విల్లీస్ జీపులను మన దేశంలో బిగించడం మొదలుపెట్టిన నాటి నుంచి ఆ బండికి పేరు తెచ్చింది దారి లేని చోటే. ఒక ముందు చక్రం రాయి ఎక్కి, ఆ పక్క కమాన్ కట్ట (ఉక్కు పట్టీల స్ప్రింగు) వంగి, రెండో చక్రం పల్లంలోకి దిగినప్పుడే దాని స్వభావం బొమ్మలో పడుతుంది. పశువుల మందలు రోజూ తొక్కే గడ్డిలో ఒక్క జీపు ఒక్కసారి వెళితే వచ్చే నష్టమేమిటో వివరించండి.

నేలచూపు:
పాతఇంజను గారు బండి గురించి చెప్పినదంతా ఒప్పుకుంటాను, గడ్డి గురించి చెప్పినది ఒప్పుకోలేను. పశువు గిట్ట వేసే గుర్తులు విడివిడిగా ఉంటాయి; సుమారు టన్ను బరువున్న జీపు, 6.00-16 సైజు సన్న టైర్లతో, తడినేల మీద తెగని గాడి వేస్తుంది. వాలు మీద ఆ గాడే వాననీటికి కాలువ అవుతుంది. నేను ఒక కొండవాలు మీద ఒక ఏడాది చూసిన రెండు చక్రాల జాడలు మరుసటి వానలు పోయేసరికి మోకాలి లోతు కోతలయ్యాయి, వాటి అంచుల్లో గడ్డివేళ్లు గాలిలో వేలాడుతున్నాయి. పైగా ఒకరి జాడ కనబడితే తరువాత వచ్చేవారు దాన్నే దారి అనుకుంటారు.

కొండదారి గారు కోరుకునే బొమ్మకు జీపు దారి దిగవలసిన అవసరమే లేదు. బండిని దారి మీదే ఉంచి, మీరు దూరంగా జరిగి, దారి అంచున గడ్డి వెనుక కూర్చుని, కెమెరాను నేలకు జానెడు ఎత్తున పట్టుకోండి. దూరాన్ని దగ్గర చేసి చూపే 135 మి.మీ. లెన్స్‌తో, దాని ఎపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/4 దగ్గర ఉంచి తీస్తే ముందున్న గడ్డి మసకబారి చక్రాల కింది దారిని కప్పేస్తుంది, జీపు పచ్చిక నడుమ నిలిచినట్టే ఉంటుంది. ఇన్‌టేక్ వాల్వులు (ఇంధనం కలిసిన గాలిని లోపలికి వదిలేవి) ఇంజను తలలో ఉండడం వల్ల ఆ మోడల్‌కు బానెట్టు ఎత్తు ఎక్కువ. దగ్గరికి వెళ్లి, విశాలంగా చూపే 24 మి.మీ. లెన్స్‌తో తీస్తే ముక్కు ఉబ్బి, వెనుక భాగం కుంచించుకుపోయినట్టు కనిపిస్తుంది. జీపు రేకులు బల్లపరుపుగా ఉంటాయి కనుక ఒక్కొక్కటి ఆకాశంలో ఒక్కొక్క ముక్కను చూపిస్తుంది, అందువల్ల ఎండ ఎక్కకముందే ముగించడం మేలు. ముందు అద్దంలో ఆకాశం తెల్లగా మెరిస్తే ఆ అద్దాన్ని బానెట్టు మీదికి మడవండి, లేదా లెన్స్‌కు పోలరైజర్ ఫిల్టర్ (మెరుపును తగ్గించే అద్దం) పెట్టి తిప్పి చూడండి.

పాతఇంజను:
గాడి నీటికాలువ అవుతుందన్న మాట నేను ఆలోచించలేదు, గడ్డి విషయంలో నా వాదన వెనక్కి తీసుకుంటున్నాను. కానీ గడ్డి వెనుక దాచిన జీపు చిత్రం బండిని అందంగా చూపుతుందే తప్ప దాని సత్తాను చూపదు. బొర్రా గుహల దగ్గర కటికి జలపాతానికి జీపులు నడిచే రాళ్లదారి ఉంది. అటువంటి దారిలో కొత్త జాడ వేయకుండానే కమాన్లు వంగిన బొమ్మ దొరుకుతుంది. జనం రోజూ బండ్లతో దాటే వాగురేవులో నీరు చిమ్మించి తీసినా తప్పు లేదనే ఇప్పటికీ నా అభిప్రాయం.

నేలచూపు:
రాళ్లదారికి నా అభ్యంతరం లేదు. వాగు విషయంలో మాత్రం ఒక్క షరతు. నీటిలోకి దిగే ముందు రాత్రంతా బండి కింద ఒక అట్టముక్క పరచి ఉంచి, తెల్లవారాక దాని మీద ఆయిల్ చుక్కలు ఎక్కడెక్కడ పడ్డాయో చూడండి. ఆ ఆయిల్ కలిసే నీటినే దిగువన ఎవరో ముంచుకుంటారు.

కొండదారి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి అట్ట పరిచాను. గేర్‌బాక్సు కింద అరచేయంత మరక, వెనుక యాక్సిల్ గుండు కింద మూడు చుక్కలు ఉన్నాయి. కాబట్టి గుడిస మీద దారి దిగకుండా 135తో తీస్తాను, వాగు బొమ్మను ఆయిల్ కారకుండా ఆపే సీళ్లు మార్పించేదాకా వాయిదా వేస్తున్నాను.