ఇంటి పక్కనే మంచి పబ్లిక్ (ప్రభుత్వ) స్కూలు ఉండగా ప్రైవేటుకు పంపడం తెలివైన పనేనా? (ఫ్రిస్కో, టెక్సస్)

రేవతి_ఫ్రిస్కో
అందరికీ నమస్కారం. మా అమ్మాయికి ఈ సెప్టెంబరు 9న అయిదేళ్లు నిండుతాయి. టెక్సస్‌లో సెప్టెంబరు 1 నాటికి అయిదు నిండకపోతే పబ్లిక్ స్కూలు కిండర్‌గార్టెన్‌లో చేర్చుకోరు. ఎనిమిది రోజుల తేడాతో ఏడాది ఆగాలి. ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు ఇప్పుడే తీసుకుంటామంటున్నారు, ఫీజు ఏడాదికి 17 వేల డాలర్లు. పబ్లిక్ ఎలిమెంటరీ మా ఇంటి నుంచి నడిచి ఆరు నిమిషాలు. అసలు ఈ ఇల్లు కొన్నదే దాని కోసం. ఆస్తి పన్ను పదకొండు వేలు దాటుతోంది, అందులో పెద్ద వాటా ఇక్కడి పబ్లిక్ స్కూళ్లను నడిపే స్కూలు డిస్ట్రిక్ట్‌దే. "రెండు చోట్లా కట్టడమేమిటి" అంటారు మావారు. నా మనసు ప్రైవేటు వైపే ఉంది. కిండర్‌గార్టెన్ అక్కడ పూర్తిచేయించి ఒకటో తరగతికి పబ్లిక్‌కు మారిస్తే ఏడాది కలిసివస్తుంది కదా? ఎవరైనా అలా చేశారా?

ప్లానో_పెద్దాయన
రేవతమ్మా, ముందు నీ లెక్కలో తప్పు చెబుతాను. ప్రైవేటులో కిండర్‌గార్టెన్ పూర్తయిందని ఇక్కడ పబ్లిక్ స్కూలు ఒకటో తరగతిలో వేసుకోవాలని ఎక్కడా లేదు. సెప్టెంబరు 1కి ఆరేళ్లు నిండాలి, లేదా అప్పటికే ఒకటో తరగతిలో చేరి ఉండాలి, లేదా వేరే రాష్ట్రంలో పబ్లిక్ స్కూలులోనే కిండర్‌గార్టెన్ చదివి ఉండాలి. టెక్సస్ చట్టం చెప్పేది ఇదే. 17 వేలు పోసినా ఎనిమిది రోజులు ఎనిమిది రోజులే.

ఇక స్కూలు సంగతి. ఇరవై ఆరేళ్లుగా ఇక్కడ ఉన్నాను. పిల్లలిద్దరూ పబ్లిక్‌లోనే చదివారు, ఇద్దరూ బాగున్నారు. పబ్లిక్‌లో టీచర్లకు రాష్ట్ర నిబంధనలుంటాయి, మూడో తరగతి నుంచి రాష్ట్ర పరీక్షలుంటాయి, ఫలితాలు అందరి ముందూ ఉంటాయి. ప్రైవేటు స్కూలు ఏం చెబుతోందో, ఎవరితో చెప్పిస్తోందో అడిగే నాథుడు లేడు. బడి ముందు పూలకుండీలు చూసి మోసపోకండి.

మెస్కీట్_మావయ్య
ఇల్లు అమ్మేటప్పుడు స్కూలు రేటింగే అమ్ముడుపోతుంది. ప్రైవేటు ఫీజు రసీదులు ఎవరూ కొనరు.

కృష్ణాతీరం
పెద్దాయన గారికి నమస్కారాలు. ఇరవై ఆరేళ్ల కిందటి మీ పక్కూరు ప్లానో వేరు, ఇప్పటి ఫ్రిస్కో వేరు. 2000లో ఈ ఊరి జనాభా 34 వేల లోపు, 2020 లెక్కల్లో రెండు లక్షలు దాటింది. మా అమ్మాయి ఇక్కడి పబ్లిక్‌లోనే చదివింది. తరువాత ఇద్దరు పిల్లలనీ ప్రైవేటుకు మార్చాను. కారణం ఒక్కటే, తరగతిలో పిల్లల సంఖ్య. పబ్లిక్‌లో మా అమ్మాయి తరగతిలో 24 మంది. ప్రైవేటులో మా అబ్బాయి తరగతిలో 14 మంది. టీచరుకు వాడికి ఏ అక్షరం దగ్గర పెన్సిలు ఆగుతుందో తెలుసు. రేవతి గారూ, పరీక్షలూ రేటింగులూ వదిలేసి ఆ 14 చూడండి.

ప్లానో_పెద్దాయన
24 అంటే ఎలా నమ్మాలి? కిండర్‌గార్టెన్ నుంచి నాలుగో తరగతి దాకా 22 మందికి మించకూడదని రాష్ట్ర చట్టం ఉంది. ఏ తరగతి అండీ అది?

కృష్ణాతీరం
మించకూడదని ఉంది, మినహాయింపు అడిగితే ఇస్తారనీ ఉంది. డిస్ట్రిక్ట్‌లు అడుగుతాయి, రాష్ట్రం ఇస్తుంది. చట్టం చదివితే చివరి వరకు చదవాలి.

ప్లానో_పెద్దాయన
చివరి వరకే చదివాను. మినహాయింపు తీసుకుంటే తల్లిదండ్రులకు ఉత్తరం పంపాలి. మీకు వచ్చిందా? ప్రైవేటులో అయితే మినహాయింపు అడగాల్సిన అవసరం కూడా లేదు, ఎందుకంటే అసలు పరిమితే లేదు. ఈ ఏడాది 14, వచ్చే ఏడాది 26 అయితే ఎవరిని అడుగుతారు? ఏ తరగతో మాత్రం ఇంకా చెప్పలేదు.

వెన్నెల_మెకిన్నీ
ఇంట్లోనే చదివించే ఆలోచన ఎవరికీ లేదా? మేము మూడేళ్లుగా అదే చేస్తున్నాం.

సెలీనా_శేషు
2026-27 నుంచి రాష్ట్రమే ప్రైవేటు స్కూలుకు ఏటా పది వేల డాలర్ల పైచిలుకు ఇస్తోంది కదా. గవర్నర్ అబ్బాట్ 2025 మే నెలలో సంతకం చేసిన పథకం. 17లో 10 పోతే మిగిలేది ఏడు.

ప్లానో_పెద్దాయన
శేషు గారూ, ఆ పథకానికి మొదటి విడత నూరు కోట్ల డాలర్లు. అడిగేవాళ్లు ఎక్కువైతే వైకల్యం ఉన్న పిల్లలకు, ఆదాయం తక్కువ ఉన్న ఇళ్లకు ముందు వరుస. నలుగురున్న ఇంటి ఆదాయం ఏడాదికి సుమారు లక్షా అరవై వేల డాలర్లు దాటితే వరుసలో చివరికి పోతారు. ఫ్రిస్కోలో ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇల్లు ఎక్కడ నిలబడుతుందో మీరే లెక్కవేయండి.

కృష్ణాతీరం
పన్ను కట్టాం కాబట్టి పబ్లిక్‌కే పంపాలన్న వాదన నాకు ఎప్పుడూ అర్థం కాదు. 1993 నుంచి ఉన్న చట్టం ప్రకారం ఆస్తి ఎక్కువున్న డిస్ట్రిక్ట్‌ల పన్నులో కొంత రాష్ట్రం తీసుకుని మిగతా డిస్ట్రిక్ట్‌లకు పంచుతుంది. జనం రాబిన్ హుడ్ అని పిలిచేది దాన్నే. మీ ప్లానో ఎన్ని కోట్లు ఇచ్చిందో మీకు తెలియనిది కాదు. అదే ప్లానోలో 2024లో నాలుగు స్కూళ్లు మూసేయాలని బోర్డు ఓటు వేసింది. పిల్లలు చాలక! మరి ఎవరి పన్ను ఎవరి పిల్లలకు?

ప్లానో_పెద్దాయన
పిల్లలు చాలక మూశారు, చదువు బాగాలేక కాదు. కొత్తగా పెళ్లయినవాళ్లు ప్లానోలో ఇల్లు కొనలేకపోతున్నారు. దానికీ మీ 24కీ సంబంధమేమిటి? ఏ తరగతి?

ఉత్తరాంధ్ర_అమ్మ
ఇన్నాళ్లూ చదవడమే గాని ఎప్పుడూ రాయలేదు. మా బాబుకు మాటలు ఆలస్యం. ప్రైవేటులో వేశాం, తరగతిలో 12 మంది. పై సభ్యులు చెప్పినట్టు చిన్న తరగతి, పేరు పెట్టి పిలిచే టీచరు, అన్నీ ఉన్నాయి. నవంబరులో ఒక శుక్రవారం సాయంత్రం పిల్లల్ని కార్లలోకి ఎక్కించే వరుసలో ఒకావిడ కిటికీ దగ్గరకు వచ్చి ఒక అట్టపెట్టె ఇచ్చింది. అందులో నీళ్ల సీసా, మార్చుకునే ప్యాంటు, మట్టితో చేసిన తాబేలు, దానికి ఒక కాలు విరిగింది. పైన రెండు వాక్యాల ఉత్తరం. మీ అబ్బాయికి మా స్కూలు తగినది కాదనుకుంటున్నాం అని. సోమవారం నుంచి రావద్దన్నారు. ఫీజు అడిగితే ఒప్పందంలో చదువుకోమన్నారు.

వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం చేసిన 1975 నాటి ఫెడరల్ చట్టం పబ్లిక్ స్కూళ్లను కట్టిపడేసినట్టు ప్రైవేటు స్కూళ్లను కట్టిపడేయదని నాకు అప్పుడే తెలిసింది. ఇంటి దగ్గరి పబ్లిక్ స్కూలుకు వెళ్లి, బాబును పరీక్షించడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టాను. 45 బడి రోజుల్లో పరీక్షలు పూర్తిచేయాలన్న నియమం ఉందట, చేశారు. ఐఈపీ, అంటే బాబు కోసం విడిగా చదువు ప్రణాళిక, రాశారు. ఇప్పుడు వారానికి రెండుసార్లు స్పీచ్ టీచరు వస్తుంది. తరగతిలో 21 మంది ఉన్నారు, నాకు అక్కర్లేదు. పంపించేయరని తెలిసి నిద్రపడుతోంది.

రేవతి_ఫ్రిస్కో
అయ్యో. బాబు ఇప్పుడు ఎలా ఉన్నాడండీ?

ఉత్తరాంధ్ర_అమ్మ
తాబేలుకు కాలు అతికించమని అడుగుతున్నాడు. పూర్తి వాక్యంలో అడిగాడు.

కృష్ణాతీరం
అమ్మా, మీకు జరిగింది అన్యాయమే, కాదనను. కానీ పబ్లిక్ అంటే దేవాలయం అన్నట్టు రాయకండి. ఇదే టెక్సస్ 2004లో ప్రత్యేక విద్య పిల్లలు 8.5 శాతం దాటకూడదన్నట్టు ఒక లక్ష్యం పెట్టుకుంది. ఎన్నో స్కూళ్లు పిల్లల్ని పరీక్షించకుండానే తిప్పి పంపాయి. 2018లో ఫెడరల్ విద్యాశాఖ అది చట్టవిరుద్ధమని తేల్చింది. మీ స్కూలు రెండు వాక్యాల ఉత్తరమైనా ఇచ్చింది. అప్పట్లో ఆ పిల్లలకు ఉత్తరం కూడా లేదు.

ప్లానో_పెద్దాయన
ఆవిడ విరిగిన తాబేలు గురించి రాస్తే మీరు శాతాలు తెస్తారా? ఇది వాదన కాదు, మంకుపట్టు. నిజం చెప్పండి, మీరు పారిపోయింది 24 నుంచి కాదు. ఏ తరగతో చెప్పడానికి కూడా నోరు రావడం లేదు. ఈ ఊరిలో ప్రైవేటుకు మారే తెలుగువాళ్లను చాలామందిని చూశాను. తరగతి పెద్దదంటారు, టీచరు మారిందంటారు. అసలు సంగతి, తరగతి నిండా మనవాళ్లే ఉన్నారన్నది మింగుడుపడక. అమెరికా వచ్చి పిల్లల్ని తెల్లవాళ్ల మధ్య కూర్చోబెట్టాలి, దానికి 17 వేలు!

మెస్కీట్_మావయ్య
ఇప్పుడు దారిలోకి వచ్చింది చర్చ.

నిర్వాహకుడు
వ్యక్తిగత దూషణ వద్దు. మధ్యలో ఇళ్ల అమ్మకం ప్రకటన పెట్టిన సభ్యుడి వ్యాఖ్య తీసేశాం.

కృష్ణాతీరం
తీసేయకండి, పెద్దాయన రాసింది ఉంచండి. సగం నిజమే. 24 మందిలో 17 మంది మనవాళ్లు. నేను పారిపోయింది వాళ్ల రంగు నుంచి కాదు, వాళ్ల ఇళ్లలోని ట్యూషన్ కేంద్రాల లెవెల్ పుస్తకాల నుంచి.

ఒక పుట్టినరోజు విందు. పిల్లలు ట్రాంపోలిన్ మీద ఎగురుతున్నారు. ఒక తల్లి మా అమ్మాయిని ఆపి, చెమట తుడుస్తూ, చాలా ముద్దుగానే అడిగింది, "గణితంలో ఏ లెవెల్‌లో ఉన్నావమ్మా?" అని. మా అమ్మాయి ఒక లెవెల్ పెంచి చెప్పింది. మళ్లీ ఎగరడానికి వెళ్లలేదు. ఇంటికి వచ్చాక కనిపించకపోతే వెతికాం. బాత్రూంలో తలుపేసుకుని, స్నానపు తొట్టిలో కూర్చుని, అబద్ధం చెప్పిన ఆ లెవెల్ పుస్తకం చేస్తోంది. పదేళ్ల పిల్ల.

నేను విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదివాను. ఆదివారం పరీక్ష, మంగళవారం గోడ మీద ర్యాంకు. ర్యాంకు తగ్గితే సెక్షను మారుస్తారు, పరుపు చుట్టుకుని వేరే గదికి వెళ్లాలి. పరుపు మోస్తూ వరండాలో నడిచిన ఆ నలభై అడుగులు నాకు ఇప్పటికీ కలలోకి వస్తాయి. ఇన్ని వేల మైళ్లు వచ్చి నా బిడ్డను అదే వరండాలో నడిపించాలా? స్కూలు తప్పు కాదు, నేను ఒప్పుకుంటున్నాను. టీచర్లు బంగారం. కానీ స్కూలు అంటే టీచర్లు మాత్రమే కాదు కదా.

ప్లానో_పెద్దాయన
ఈ ముక్క మొదటే రాసి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు.

నా సంగతీ చెబుతాను. వై2కే రోజుల్లో వచ్చాం. మా పెద్దమ్మాయి తరగతిలో మనవాళ్లు ఇంకెవరూ లేరు. థాంక్స్‌గివింగ్ నాటిక వేసేవాళ్లు. మూడేళ్లు వరుసగా ఈకల కిరీటం మా అమ్మాయికే పెట్టారు. 'ఇండియన్' వేషం అంటే ఇక్కడి ఆదివాసీల వేషం, మరి ఇండియన్ ఆమే కదా! టీచరమ్మకు ఏ చెడ్డ ఉద్దేశమూ లేదు, ఎంతో ప్రేమగా జిగురుతో అతికించి ఇచ్చింది. నేనూ చప్పట్లు కొట్టాను, ఫొటోలు తీశాను. మూడో ఏడు మా అమ్మాయి ఇంటికి వచ్చి, "నాన్నా, మనం ఏ ఇండియన్లం?" అని అడిగింది. నాకు జవాబు చెప్పడం రాలేదు. ఆ అట్ట కిరీటం గరాజులో ఇంకా ఉంది, మా ఆవిడ పారేయనివ్వదు.

పదిహేడు మంది! మా అమ్మాయికి ఒక్కరుంటే చాలనుకున్నాను అప్పట్లో. మీరు పదిహేడు మందిని వదిలి వెళ్లిపోయారని చదివితే నాకు ఒళ్లు మండింది. అందుకే అన్నాను. తెల్లవాళ్ల మాట వెనక్కి తీసుకుంటున్నాను, మిగతాది తీసుకోను.

కృష్ణాతీరం
ఆ ఒక్కరు మీ అమ్మాయిని ఏ లెవెల్ అని అడిగి ఉంటే?

ప్లానో_పెద్దాయన
అడగనివ్వండి. ఏ ఇండియన్ అని అడగదు కదా.

ఉత్తరాంధ్ర_అమ్మ
ఇద్దరూ మీ బాధనే పిల్లల మీద వేసి మాట్లాడుతున్నారేమో అనిపిస్తోంది. తప్పుగా అనుకోకండి.

వెన్నెల_మెకిన్నీ
అందుకే ఇంట్లో చదివించమన్నాను.

రేవతి_ఫ్రిస్కో
నా ప్రశ్న సెప్టెంబరు 9 గురించి. నిన్న స్కూలు ఆఫీసుకు ఫోను చేశాను. పెద్దాయన గారు చెప్పిందే చెప్పారు. కిండర్‌గార్టెన్ ప్రైవేటులో చదివినా వచ్చే ఏడాది ఆరు నిండవు కాబట్టి మళ్లీ కిండర్‌గార్టెన్‌లోనే వేస్తామన్నారు. కాబట్టి ఒకే తరగతికి 17 వేలు ఒకసారి, పన్ను ఒకసారి కట్టడమవుతుంది. మావారు ఆ మాట నాలుగుసార్లు నవ్వుతూ చెప్పారు.

ఈ ఏడాది ఇప్పుడున్న ప్రీస్కూలులోనే ఉంచుతాం. ఆ వీధిలో పిల్లలు ఎవరెవరున్నారో కూడా చూస్తున్నాను. నిన్న సాయంత్రం నడిచి వెళ్తే బడి కంచె దగ్గర ఇద్దరు పిల్లలు తెలుగులో దెబ్బలాడుకుంటున్నారు. సంతోషించాలో భయపడాలో తెలియలేదు. లెవెల్ పుస్తకాల కేంద్రాలు ఇంటి నుంచి స్కూలుకు వెళ్లే దారిలోనే రెండున్నాయి, ఇంతకుముందు గమనించలేదు.

కృష్ణాతీరం
మూడోది తెరుస్తున్నారు, కిరాణా కొట్టు పక్కన.

ప్లానో_పెద్దాయన
కృష్ణాతీరం గారూ, పాప ఇప్పుడు ఎలా ఉంది?

కృష్ణాతీరం
బాగుంది. ఈత నేర్చుకుంటోంది. తరగతిలో మనవాళ్లు ఇద్దరే. దీపావళికి స్కూలులో ఏదైనా చెప్పమంటే చెప్పనంది. ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ప్లానో_పెద్దాయన
అర్థమైంది. కానీ తరగతి చెప్పలేదు.

కృష్ణాతీరం
అయిదో తరగతి. చాలా?

ప్లానో_పెద్దాయన
చాలు. అయిదో తరగతికి 22 వర్తించదు. మొదటి నుంచీ నేను అడుగుతున్నది అదే.