అమ్మ కంటి ఫోటో ఎక్కడికి వెళ్లింది?

మలక్‌పేట నివాసి:
అమ్మకు చాలా ఏళ్లుగా షుగరు. పోయిన నెల ఇంటి దగ్గరి కంటి క్లినిక్‌లో రెటీనా ఫోటో తీశారు. డాక్టరు చూడకముందే కంప్యూటర్ దాన్ని పరిశీలించి దెబ్బ మొదలైందని చెప్పింది. సకాలంలో తెలిసింది, అందుకు సంతోషమే. కానీ నేను బిల్లు కడుతుండగా కౌంటరులో అమ్మ చేత ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టించారు. ఆవిడకు తెలుగు తప్ప చదవడం రాదు. వారం తిరగకముందే షుగరు మందులు అమ్మేవాళ్లు అమ్మను పేరు పెట్టి పిలుస్తూ ఫోన్లు చేస్తున్నారు. క్లినిక్ నుంచే నంబరు వెళ్లిందని నిరూపించలేను. మీకెవరికైనా ఇలా జరిగిందా?

కూకట్‌పల్లి 72:
మాకు వాట్సాప్‌లో పంపిన స్కానింగ్ రిపోర్టుతో పాటు మరొకరిదీ వచ్చింది. పేరు, వయసు, గర్భస్రావం వివరాలతో సహా. వెంటనే తీసేసి సెంటరుకు చెప్పాను. మరి నా రిపోర్టు ఎవరి ఫోనులో పడి ఉందో!

ఎక్స్‌రే గది:
నేను రేడియోగ్రాఫర్‌ని. స్కాన్‌లను పేరు తీసేశాకే కంపెనీకి ఇస్తామంటే, ఆ పేరు ఎలా తీస్తారో అడగండి. స్కాన్ ఫైలులో బొమ్మ వెనకే పేరు, పుట్టిన తేదీ, ఆసుపత్రి నంబరు, పరీక్ష తేదీ దాగి ఉంటాయి. అల్ట్రాసౌండ్‌లో పేరు చాలాసార్లు బొమ్మ మీదే ముద్రపడుతుంది. తల స్కాన్ అయితే పేరు తీసినా చాలదు, అందులోంచి ముఖాన్నే తిరిగి రూపొందించవచ్చు. ఇది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

నల్లకుంట వకీలు:
గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. 2011 ఐటీ నియమాలు వైద్య రికార్డులను సున్నితమైన సమాచారంగా గుర్తించాయి. 2023 డేటా రక్షణ చట్టంలో అలాంటి ప్రత్యేక వర్గమే లేదు. జబ్బు వివరమూ చిరునామా ఒకే గాటన పడ్డాయి, ఇది పెద్ద లోటని నా అభిప్రాయం. అయితే అదే చట్టం సమ్మతి కోరే నోటీసును తెలుగులో చదువుకునే వీలు ఇవ్వాలంటోంది. రక్షణ చర్యల్లో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంటుంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. ఈలోగా అమ్మగారి రికార్డులు రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళిలోనే ఉంది.

రాత్రి డ్యూటీ:
నేను జూనియర్ డాక్టరును. డిశ్చార్జ్ కాగితం త్వరగా రాయాలని ఒకసారి రోగి పేరుతో సహా వివరాలన్నీ ఫోనులోని ఏఐ యాప్‌లో పెట్టబోయాను. మా మేడం చేయి పట్టుకుని ఆపారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో ఏఐ మీద నైతిక మార్గదర్శకాలు ఇచ్చింది, కానీ మా వార్డులో వాటిని ఎవరూ చదివించలేదు. తప్పు నాదే, ఇప్పుడు పేరూ నంబరూ ఎక్కడా పెట్టను.

మలక్‌పేట నివాసి:
వకీలు గారూ, మీరు చెప్పినట్టే తెలుగులో ఉత్తరం రాసి ఇచ్చాను. మూడో రోజున రిపోర్టులూ సంతకం చేసిన కాగితం నకలూ చేతికిచ్చారు. అందులో ఫోటోలను "సాంకేతిక అభివృద్ధికి" ఇతరులకు ఇవ్వవచ్చని ఉంది. సమ్మతి వెనక్కి తీసుకుంటే, ఇప్పటికే ఇచ్చిన ఫోటో సంగతి?

నల్లకుంట వకీలు:
ఉపసంహరణకు ముందు జరిగిన వినియోగాన్ని ఈ చట్టం చెల్లనిదిగా చూడదు. కానీ మొదటి సమ్మతే అర్థమయ్యే భాషలో తీసుకోలేదు కదా, అక్కడే పట్టుకోవాలి. ఆ కాగితం పేరు, నంబరు చెరిపి ఇక్కడ పెట్టండి, చూస్తాను.