పాత డెస్క్‌టాప్ తీసేసి ల్యాప్‌టాప్ కొనాలి: షాపు లెక్కలకి ఏ కంపెనీని నమ్మొచ్చు?

సింగరాయకొండ షాపు:
మాది హార్డ్‌వేర్ షాపు. సిమెంటు, పైపులు, రంగులు. కౌంటర్ మీదున్న డెస్క్‌టాప్ ఐ3 మూడో తరం, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్క్, విండోస్ 10. దాంట్లో నడిచేవి ట్యాలీప్రైమ్, జీఎస్టీ రిటర్నులు, ఈ-వే బిల్లులు, డిజిటల్ సంతకం టోకెను, లావు ప్యారలల్ కేబులుతో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు. రాత్రిపూట లెక్కలు ఇంటికి తీసుకుపోవాలి కాబట్టి ఈసారి ల్యాప్‌టాపే. బడ్జెట్ 55 వేలు. ఒకరు డెల్ అంటారు, ఒకరు హెచ్‌పీ అంటారు, ఇంకొకరు ఆ రెండూ వద్దు లెనోవో తీసుకో అంటారు. ఐదారేళ్లు నడవాలి, రిపేరొస్తే ఒంగోలు దాటి పోయే పని పెట్టుకోకూడదు. చెన్నై రిచీ స్ట్రీట్‌లో చవగ్గా వస్తాయంటున్నారు, అక్కడ తీసుకోవచ్చా? పాత దానికే ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కంటే వేగమైన డిస్కు) వేసి నెట్టుకురావడం ఎట్టా ఉంటుంది?

కర్నూలు రోడ్డు సర్వీసు:
ముందు మీ చివరి ప్రశ్న. ఎస్‌ఎస్‌డీ వేస్తే వేగం వస్తుంది, కానీ విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. పేరు నమోదు చేసుకున్న వాళ్లకి భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా, అంతే. విండోస్ 11కి ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ పైది, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి. మీది మూడో తరం. బ్యాంకు లాగిన్, జీఎస్టీ పోర్టల్ నడిపే మిషను కాబట్టి దానిమీద ఇంకో రూపాయి పెట్టకండి.

ఇక కంపెనీ సంగతి. అన్నా, ఇక్కడ అందరూ కంపెనీ పేరు అడుగుతారు గానీ అడగాల్సింది సిరీస్. ఒకే కంపెనీ రెండు రకాల సరుకు అమ్ముతుంది. ఇంటివాడకానికి ఒక వరస: లెనోవో ఐడియాప్యాడ్, డెల్ ఇన్‌స్పిరాన్, హెచ్‌పీ 15, ఆసుస్ వివోబుక్, ఏసర్ ఆస్పైర్. ఆఫీసులకి ఇంకో వరస: లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్ (2025 నుంచి దీన్నే డెల్ ప్రో అంటున్నారు), హెచ్‌పీ ప్రోబుక్, ఆసుస్ ఎక్స్‌పర్ట్‌బుక్, ఏసర్ ట్రావెల్‌మేట్. ప్రాసెసర్ రెండిట్లోనూ అదే ఉండొచ్చు. తేడా అంతా విప్పితే కనిపిస్తుంది.

మొదటిది హింజి, అంటే మూత తెరిచి మూసే మడత బందు. చవక మోడళ్లలో హింజి స్క్రూలు ప్లాస్టిక్ బొడిపెల్లో దిగ్గొట్టిన ఇత్తడి నట్లలోకి పోతాయి. కొన్నాళ్లకి హింజి బిగుసుకుంటుంది. మీరు మూత ఒక మూల పట్టుకుని ఎత్తినప్పుడల్లా బలమంతా ఒక పక్క బొడిపె మీదే పడి అది పగులుతుంది. మొదటి గుర్తు ఏందంటే, మూత మూసేటప్పుడు హింజి దగ్గర ఫ్రేము కొంచెం నోరు తెరుస్తుంది. అక్కడే ఆపి రిపేరుకిస్తే చిన్న ఖర్చు. అట్టాగే వాడితే డిస్‌ప్లే కేబులు తెగుతుంది, స్క్రీను కూడా పోవచ్చు. రెండోది కీబోర్డు. ఇంటివాడకం మోడళ్లు చాలావాటిలో కీబోర్డుని పైకవరుకి ప్లాస్టిక్ కరిగించి అతికిస్తారు, నాలుగు కీలు పోతే కవరుతో సహా మార్చాలి. థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్‌లలో చాలావాటికి విడిగా వస్తుంది. ఇది కొనకముందే చూసుకోవచ్చు: లెనోవో, డెల్, హెచ్‌పీ మూడూ మోడల్‌వారీగా సర్వీసు మాన్యువల్ తమ సైట్లలో పెడతాయి. కీబోర్డు తీసే పేజీ తెరిచి, దానికి ఎన్ని భాగాలు విప్పమంటున్నాడో చూడండి.

ప్రాసెసర్ దగ్గర ఎక్కువ ఖర్చు పెట్టొద్దు. ట్యాలీకి ఐ3-1215యూ కూడా సరిపోతుంది, ఆరు కోర్లు ఉంటాయి. రైజెన్‌లో మాత్రం నంబర్ చూడండి. రైజెన్ 5 7520యూ, 7530యూ చెవికి అన్నదమ్ముల్లా వినిపిస్తాయి. మొదటిది నాలుగు కోర్ల జెన్ 2, రెండోది ఆరు కోర్ల జెన్ 3. ఆ 7000 వరసలో మూడో అంకే తరాన్ని చెప్తుంది. ర్యామ్ 16 జీబీ ఉండాలి, లేదంటే 8తో తీసుకుని ఇంకో స్లాటు ఖాళీగా ఉందో లేదో ఖాయం చేసుకోండి. 7520యూ మోడళ్లలో ర్యామ్ బోర్డుకే సోల్డరై వస్తుంది, 8తో కొంటే చచ్చేదాకా 8.

ట్యాలీ లెక్కలు:
పై సోదరుడు లోపలి సంగతి చెప్పారు. మీ వాడకానికి బయటి సంగతులు అంతకన్నా ముఖ్యం.

స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ఉన్నది తీసుకోవద్దు. బ్యాటరీ బాగా వస్తుందని షోరూముల్లో ముందుకు తోస్తారు. మామూలు ప్రోగ్రాములని అది అనువదించుకుని నడుపుతుంది, డ్రైవర్లని అట్టా నడపలేదు. డిజిటల్ సంతకం టోకెనుకి, పాత ప్రింటరుకి ఆ రకం ప్రాసెసర్ కోసం రాసిన డ్రైవర్ లేకపోతే రిటర్ను దగ్గర సంతకం పడదు. మ్యాక్‌బుక్ కూడా మీకు పనికిరాదు, ట్యాలీప్రైమ్ విండోస్ ప్రోగ్రామే.

ప్రింటరు వెనక ఒకసారి చూడండి. ఎప్సన్ ఎల్‌ఎక్స్-310 లాంటి వాటికి ప్యారలల్ పక్కనే యూఎస్‌బీ కూడా ఉంటుంది, అప్పుడు సమస్యే లేదు. ప్యారలల్ ఒక్కటే ఉంటే యూఎస్‌బీ-ప్యారలల్ కేబులు వాడాలి. అది ఎల్‌పీటీ1గా (పాత ప్యారలల్ పోర్టు పేరు) కనిపించదు, యూఎస్‌బీ001 అని కొత్త పోర్టుగా వస్తుంది. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో ఆ పోర్టుకి టిక్కు పెట్టాలి. ఈ ఒక్క టిక్కు తెలియక కేబులు పాడైందనుకుని వాపసు ఇచ్చేవాళ్లే ఎక్కువ. ట్యాలీలో ప్రింట్ ఫార్మాట్‌ని డాట్ మ్యాట్రిక్స్‌కి మార్చండి. నీట్ మోడ్‌లో ఉంచితే అక్షరాలని బొమ్మలా గీస్తుంది, బిల్లు బయటికొచ్చేలోపు కస్టమరు టీ తాగి వస్తాడు.

పెద్ద యూఎస్‌బీ పోర్టులు కనీసం రెండు ఉండాలి: టోకెనుకి ఒకటి, ప్రింటరుకి ఒకటి. మౌసుకి వైర్‌లెస్ పెట్టినా దాని రిసీవరుకి ఒకటి పోతుంది. నంబర్ ప్యాడ్ కావాలంటే 15.6 అంగుళాలది చూడండి, 14 అంగుళాల వాటికి సాధారణంగా ఉండదు. పాత మానిటరు కౌంటర్ మీద వాడుకోవాలనుకుంటే, దానికి నీలం వీజీఏ పోర్టే ఉంటే, హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే చిన్న కన్వర్టర్ తీసుకోండి. లోపల చిప్పు లేని ఉత్త కేబులు పనిచేయదు.

పన్ను సంగతి కూడా లెక్కలోకి తీసుకోండి. ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం. 55,000లో పన్ను సుమారు 8,390. మీరు రెగ్యులర్ స్కీములో ఉండి, షాపు వాడకానికి కొని, బిల్లులో మీ జీఎస్టీ నంబర్ ఉంటే అది క్రెడిట్‌గా వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గుతుంది. కాంపోజిషన్ స్కీము (అమ్మకాల మీద కొద్ది శాతం కట్టేది) అయితే రాదు. క్రెడిట్ తీసుకుంటే తరుగుదల 46,610 మీదే వేసుకోవాలి. ఆన్‌లైన్లో కొంటే ఆర్డరు పెట్టేటప్పుడే నంబర్ ఇవ్వండి.

మిషను మార్చే రోజు వరస తప్పకూడదు. ముందు ట్యాలీ బ్యాకప్ పెన్‌డ్రైవులోకి. ఆ బ్యాకప్‌ని కొత్త దాంట్లో రిస్టోర్ చేసి నిల్వలు సరిపోయాయో చూడండి. తర్వాత పాత దాంట్లో లైసెన్సు సరెండర్, ఆ పైన కొత్త దాంట్లో యాక్టివేషన్. పాత మిషనుని ముందే ఫార్మాట్ కొట్టేస్తే లైసెన్సు విడిపించుకోవడానికి మళ్లీ సపోర్ట్ చుట్టూ తిరగాలి.

నెల్లూరు ట్రంక్ రోడ్డు:
రిచీ స్ట్రీట్ విషయం నేను చెప్తా. కొత్తదానికి అక్కడిదాకా పోయే ఖర్చు గిట్టదు. కంపెనీ ఆన్‌లైన్ ధరకి పెద్ద తేడా ఉండదు, ఉందంటే ఎందుకుందో అడగాల్సిందే. ఇంకోటి, తమిళనాడు షాపు వాడు సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ వేసి (అంటే వాళ్ల రాష్ట్రంలోని అమ్మకంగా) బిల్లిస్తే ఆ క్రెడిట్ మన ఆంధ్ర రిజిస్ట్రేషనుకి రాదు. ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే అమ్మకానికి వేసేది) బిల్లు ఇవ్వగలవా అని ముందే అడగాలి. అక్కడ నిజంగా లాభం సెకండ్ హ్యాండ్ దాంట్లోనే.

దాని గురించి పై ఇద్దరూ మాట్లాడలేదు గానీ, మీ 55 వేలలో సగానికే పాత ఆఫీసు సిరీస్ మిషను వస్తుంది. గట్టిదనంలో కొత్త చవక మోడల్ కంటే అదే మేలంటాను. చూడాల్సింది మోడల్ పేరు కాదు, ప్రాసెసర్ నంబర్. ఐ5-7300యూ (ఏడో తరం) వద్దు, ఐ5-8350యూ (ఎనిమిదో తరం) అయితే విండోస్ 11 అధికారికంగా ఎక్కుతుంది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. షాపులోనే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి బ్యాటరీ రిపోర్టు తీయమనండి. డిజైన్ కెపాసిటీలో (కొత్తప్పుడు పట్టేది) ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది) 70 శాతం కంటే తక్కువుంటే బ్యాటరీ ధర తగ్గించి అడగండి. బయోస్ పాస్‌వర్డ్ (విండోస్ కంటే ముందు మిషనే అడిగేది) పెట్టి ఉందేమో చూడండి. పాత ఆఫీసు వాళ్లు తీయకుండా వదిలేసినవి ఉంటాయి, వాటితో తర్వాత చాలా కష్టం.

కర్నూలు రోడ్డు సర్వీసు:
సెకండ్ హ్యాండ్‌ది మంచి మాటే, కానీ ఈయన అడిగింది ఐదారేళ్లు. ఎనిమిదో తరం 2017, 2018 నాటిది. ఇంకో ఆరేళ్లు దాన్ని లాగాలంటే మధ్యలో విండోస్ అడిగే కనీస తరం మళ్లీ పెరగదన్న భరోసా లేదు. ఇంట్లో పిల్లలకైతే తీసుకోవచ్చు, షాపు లెక్కలకి కొత్తదే నా ఓటు.

వారంటీ దగ్గర రెండు మాటలు. డబ్బాలో వచ్చేది ఎక్కువగా ఒక సంవత్సరం. ఆన్‌సైటా (మనిషే మీ దగ్గరికి రావడం), క్యారీ-ఇన్నా (మీరే సర్వీసు సెంటరుకి మోసుకుపోవడం) అన్నది మోడల్‌ని బట్టి మారుతుంది. ఆన్‌సైట్ అని రాసున్నా సింగరాయకొండ పిన్‌కోడుకి మనిషి వస్తాడా అని కంపెనీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేసి అడగండి, షోరూము కుర్రాడి మాట లెక్కలోకి రాదు. కంపెనీ ఖాయం చేసుకోవాల్సింది ఇక్కడే: మీ ఊరికి మనిషిని పంపే కంపెనీయే మీకు నమ్మకమైన కంపెనీ. మూడేళ్లకి పెంచుకోవాలంటే మొదటి వారంటీ నడుస్తుండగానే కట్టాలి. పెంచినా బ్యాటరీకి మామూలుగా ఒక్క సంవత్సరమే. కొన్న రోజే సీరియల్ నంబర్ కంపెనీ సైట్లో కొట్టి మొదలు తేదీ చూడండి. గోడౌన్లో నెలల తరబడి ఉన్న సరుకుకి తేదీ ముందే మొదలై ఉంటుంది, బిల్లు పంపితే సరిచేస్తారు.

సింగరాయకొండ షాపు:
అందరికీ థాంక్స్. ప్రింటరుకి వెనక యూఎస్‌బీ ఉంది, చూశా. ఆన్‌సైట్ ఉన్న థింక్‌ప్యాడ్ ఈ-సిరీస్ గానీ ప్రోబుక్ గానీ, ఏది వస్తే అది చూస్తా. ఒక డౌటు. మా కౌంటర్ పక్కనే సిమెంటు బస్తాలు. సముద్రం కూడా దూరం కాదు. జాగ్రత్తలేమన్నా ఉన్నాయా?

కర్నూలు రోడ్డు సర్వీసు:
ఇది మొదట్లోనే చెప్పుంటే ఇదే ముందు రాసేవాణ్ణి. సిమెంటు దుమ్ము మామూలు దుమ్ములా ఊడదు. ఫ్యాను లాక్కున్న పొడి హీట్‌సింక్ (వేడి తీసే లోహపు భాగం) రెక్కల మధ్య చేరి, మన ఉప్పుగాలి తేమ తగిలి అట్టకడుతుంది. తర్వాత బ్లోయర్ కొట్టినా పోదు, విప్పి బ్రష్షుతో గీకాలి. అందుకని మూడు నెలలకొకసారి బ్లోయర్, ఏడాదికోసారి విప్పి శుభ్రం. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను తిరక్కుండా పుల్లతో ఆపండి, గాలికి విపరీతంగా తిరిగితే బేరింగు పోతుంది. ల్యాప్‌టాప్‌ని బస్తాల ఎత్తులో పెట్టకండి. కౌంటర్ మీద రెండంగుళాల స్టాండు వేసి, బస్తాలు దించే టైములో మూత వేసి స్లీపులో పెట్టండి.

ఉప్పుగాలికి మిషను రోజూ నడవడమే మంచిది, ఆ వేడికి లోపలి తేమ ఆరుతుంది. వారాల తరబడి బ్యాగులో పడేస్తే ర్యామ్ కాంటాక్టుల మీద, కీబోర్డు కేబులు దగ్గర పచ్చగా చిలుము పడుతుంది. ఊరెళ్తే బ్యాగులో సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేయండి.

ఛార్జరు పొద్దంతా పెట్టే ఉంచుతారు కాబట్టి కంపెనీ యాప్‌లోనో బయోస్‌లోనో 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సెట్టింగు ఆన్ చేయండి. లేకపోతే కొన్నేళ్లకి బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్‌ని పైకి తోయొచ్చు. అట్టా లేచిందంటే అదే రోజు వాడటం ఆపాలి.

ట్యాలీ లెక్కలు:
ఒకటి మర్చిపోయా. కొత్త విండోస్ 11 మైక్రోసాఫ్ట్ ఖాతాతో తెరిస్తే డిస్కుని తనంతట తానే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే కీ లేకుండా చదవలేకుండా తాళం వేస్తుంది. 48 అంకెల రికవరీ కీ ఆ ఖాతాలో ఉంటుంది. వారంటీలో మదర్‌బోర్డు మారిస్తే ఆ కీ అడుగుతుంది. షాపు కుర్రాడి మెయిల్‌తో ఖాతా తెరవకండి, మీ సొంత మెయిల్‌తోనే తెరిచి ఆ కీని ప్రింటు తీసి బిల్లుతో పాటు బీరువాలో పెట్టండి.