బార్కాస్, బాలాపూర్‌లో ఉచిత బీపీ, షుగర్ క్యాంపు: ఏమేం సర్దుకోవాలి?

చాంద్రాయణగుట్ట_వలంటీర్
వచ్చే నెల రెండు ఆదివారాలు అనుకుంటున్నాం. ఒకటి బార్కాస్‌లో, నిజాం ఫౌజులో పనిచేసిన యెమెన్ అరబ్బుల సంతతి ఉండే గల్లీల్లో. రెండోది బాలాపూర్ దగ్గర రోహింగ్యా గుడిసెల్లో. ఒక్కోచోట 30 ఏళ్లు దాటిన 150 మంది, ఉదయం 7 నుంచి 11 దాకా. మషీన్లు ఎన్ని, స్ట్రిప్పులు ఎన్ని? ఆడవాళ్లు రావాలంటే ఏం చేయాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

బస్తీ_సిస్టర్
మషీన్ల కంటే ముందు ఒకటి తేల్చుకోండన్నా. బీపీ ఎక్కువని తేలినవాళ్లు సోమవారం ఎక్కడికి పోవాలి? దగ్గరి బస్తీ దవాఖానా డాక్టరుతో మాట్లాడి, రోజుకు ఎంతమందిని చూడగలరో అడిగి, ఆ లెక్కన, అక్కడికి పంపేటప్పుడు ఇచ్చే చీటీల మీద తేదీలు వేయండి. అక్కడ సెలవు ఏ రోజో కూడా కనుక్కోండి. 'పెద్దాసుపత్రికి వెళ్లండి' అని నోటితో చెప్పి పంపిస్తే ఎవరూ పోరు. ఈ ఏర్పాటు కుదరకపోతే క్యాంపు వాయిదా వేయడమే మేలు. జబ్బుందని భయపెట్టి వదిలేయడం అన్యాయం.

ఇక బీపీ. మనిషి వచ్చాక 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. వీపుకు ఆనుడు, పాదాలు నేల మీద, చేయి గుండె ఎత్తున బల్ల మీద. అరగంట ముందు నుంచి చాయ్, సిగరెట్, జర్దా వద్దు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి సగటు రాయండి. ఇలా చేస్తే బల్ల దగ్గర ఒక్కొక్కరికి 4 నిమిషాలు పడుతుంది, అంటే గంటకు 15 మంది. నాలుగు గంటల్లో 150 మందికి మూడు బల్లలు, మూడు మషీన్లు, ఒకటి స్పేర్. కూర్చోవడానికి విడిగా 8 కుర్చీలు. పెద్ద సైజు పట్టీ తప్పకుండా తెచ్చుకోండి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ చూపిస్తుంది.

140/90 దాటితే చీటీ. ఒక్క రోజు కొలతతో 'మీకు బీపీ ఉంది' అనకండి, ఇంకో రోజు మళ్లీ చూడాలి. 180/110 దాటితే 5 నిమిషాలాగి మళ్లీ చూడండి. తగ్గకపోతే ఆ రోజే డాక్టరు చూడాలి. దానికి తోడు ఛాతీ నొప్పి, మూతి వంకర, ఆయాసం ఉంటే 108కి ఫోన్ చేయాల్సిందే.

ల్యాబ్_టెక్నీషియన్_మలక్‌పేట
షుగర్‌కు 50 స్ట్రిప్పుల డబ్బాలు 4 తీసుకోండి. 150 మందికి 200 ఎందుకంటే చుక్క చాలక, ఎర్రర్ వచ్చి కొన్ని పోతాయి. గుచ్చే సూదులు కూడా 200, ఒకసారి వాడి పారేసేవే. పెన్నులాంటి పరికరం ఒకటే పెట్టి సూది మార్చి వాడటం తప్పు, దానికంటిన రక్తం నుంచి హెపటైటిస్ బి అనే కాలేయ జబ్బు అంటుకోవచ్చు.

వేలు సబ్బుతో కడిగించండి. మామిడిపండో జిలేబీయో పట్టుకున్న వేలిని గుచ్చితే లేని షుగర్ కనిపిస్తుంది. స్పిరిట్ రాస్తే పూర్తిగా ఆరనివ్వండి, మొదటి చుక్క తుడిచేసి రెండోది వాడండి. స్ట్రిప్పుల డబ్బా తీసిన వెంటనే మూత బిగించాలి. మామూలుగా 30 డిగ్రీల లోపే ఉంచమని డబ్బా మీదే ఉంటుంది, కాబట్టి ఎండలో షామియానా కింద వదలకండి. ఐసు పెట్టెలోనూ వద్దు, చెమ్మ పడుతుంది.

ఎప్పుడు తిన్నారో అడిగి రాయండి. తిన్నా తినకపోయినా 140 దాటితే చీటీ. 300 పైన ఉండి వాంతులు, ఆయాసం ఉంటే అప్పుడే ఆసుపత్రికి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి 15 నిమిషాలకు మళ్లీ చూడండి.

వాడిన సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలో, రక్తమంటిన దూది పసుపు సంచిలో. వాటిని ఏ ఆరోగ్య కేంద్రం తీసుకుంటుందో ముందే మాట్లాడుకోండి.

ఆశా_అక్క_పాతబస్తీ
ఆడవాళ్ల కోసం వేరే గది, వేరే దారి, లోపల ఆడ నర్సు. గది మాత్రం నిజంగా వేరుగా ఉండాలి. బల్ల చుట్టూ దుప్పటి కడితే సరిపోదు. బుర్ఖా చెయ్యి పైకి బిగించి చుట్టి పట్టీ కడితే కొలత తప్పుతుంది, లోపల చేయి బయటికి తీయించాలి. జుమా నమాజు తర్వాత ఇమామ్ సాబ్‌తో మైకులో చెప్పించండి. 'ఆడవాళ్లకు ఆడ నర్సు ఉంటుంది' అన్న మాట అందులో తప్పకుండా రావాలి.

రంజాన్ నెలలో పెట్టకండి. మందుల వేళలు, తిండి వేళలు మారి కొలత అర్థం చేసుకోవడం కష్టం. అప్పుడే పెట్టక తప్పకపోతే, వేలి నుంచి చుక్క రక్తం తీస్తే రోజా పోదన్న మాట ఇమామ్ సాబే చెప్పాలి, మీరు కాదు.

బాలాపూర్‌లో ఉర్దూ ఒక్కటీ చాలదు. వాళ్ల మాట చిట్టగాంగ్ వైపు భాషకు దగ్గర. వాళ్లలోనే ఒక పెద్దామెను, ఒక మగమనిషిని దుబాసీలుగా పెట్టుకోండి. పిల్లలతో చెప్పించకండి, తల్లి జబ్బు పిల్లవాడి నోట వినాల్సి వస్తుంది. ఆధార్ అడగకండి, ఆభా నంబరు (ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఐడీ) కూడా ఇష్టమైతేనే. పేరు, వయసు, గల్లీ గుర్తు, ఫోను చాలు.

చాంద్రాయణగుట్ట_వలంటీర్
చాలా ఉపయోగం. ఫోను ఇంటికి ఒకటే ఉంటే తర్వాత ఎలా పట్టుకోవాలి?

బస్తీ_సిస్టర్
నంబరు పక్కన అది ఎవరిదో రాయండి: 'కొడుకుది, రాత్రి 8 తర్వాత' అని. ఫోనులో కొడుక్కి జబ్బు పేరు చెప్పకండి, 'అమ్మ చీటీ తేదీ గుర్తుచేయడానికి' అంటే చాలు. చీటీ రెండు కాపీలు, ఒకటి మీ దగ్గర. ఏడో రోజు బస్తీ దవాఖానా రిజిస్టరుతో సరిచూసి, రానివాళ్ల ఇంటికి ఆశా అక్కతో కలిసి వెళ్లండి.