మెకానికల్, ఏరోనాటికల్ రెండో సంవత్సరం: ఏ సబ్జెక్టు మీద ఎక్కువ సమయం పెట్టాలి?

ఈసెట్_దారి
అందరికీ నమస్కారం. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి మెకానికల్ రెండో సంవత్సరంలో నేరుగా చేరాను. లేత్ పని, ఫిట్టింగ్, మౌల్డింగ్ బాగానే వచ్చు. గణితం దగ్గరే చిక్కు. మిగతావాళ్లు మొదటి సంవత్సరంలోనే చదివేసిన డిఫరెన్షియల్ ఈక్వేషన్లు నాకు కొత్త. ఈ సెమిస్టర్‌లో థర్మోడైనమిక్స్, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ రెండూ ఉన్నాయి. ఆపైన ఫ్లూయిడ్ మెకానిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్, మెషిన్ డిజైన్ వరసగా వస్తాయట. అన్నీ సమానంగా చదవడం నావల్ల కాదు. ఏది గట్టిగా పట్టుకుంటే తరువాతివి తేలికవుతాయి? నా గదిలో ఉండే మిత్రుడిది ఏరోనాటికల్, అతని సందేహం కూడా ఇదే. పరీక్ష గట్టెక్కే చిట్కాలు మాత్రం వద్దు. అవి సీనియర్లు కావలసినన్ని చెప్పారు.

గీతల_మాస్టారు
బాబూ, మెకానిక్స్ చెబుతూ జుట్టు నెరిసినవాణ్ణి. జవాబు పత్రాలు దిద్దుతుంటే ఒక సంగతి ప్రతి ఏడాదీ కనిపిస్తుంది. ఇంటిగ్రేషన్ రాక మార్కులు పోగొట్టుకునేవాళ్లు తక్కువ, బొమ్మ గీయకుండా సూత్రంలోకి దూకి పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ. లెక్కలోని వస్తువును చుట్టుపక్కల వాటి నుంచి విడదీసి దాని చుట్టూ ఒక గీత గీయాలి. ఆ గీత తాడును దాటితే అక్కడ లాగుడు, నేలను దాటితే ప్రతిచర్య, రాపిడి చూపాలి. ఫ్రీ బాడీ డయాగ్రమ్ అంటే అంతే. దూలాన్ని మధ్యలో కోసినట్టు ఊహించి షియర్ ఫోర్సు, బెండింగ్ మూమెంట్ రాసేటప్పుడు చేసేదీ అదే పని. థర్మోడైనమిక్స్‌లో సిస్టమ్ సరిహద్దు, ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో కంట్రోల్ వాల్యూమ్ ఆ గీతకున్న మారుపేర్లు. కాబట్టి థర్మోడైనమిక్స్, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌లలో ఏది ముందు అని తర్కించేకన్నా, మొదటి సంవత్సరం ఇంజినీరింగ్ మెకానిక్స్‌లో సమతౌల్యం అధ్యాయం తీసి, అందులో ప్రతి లెక్కకూ బొమ్మ మాత్రమే గీయండి. జవాబు రాబట్టకపోయినా ఫరవాలేదు.

ఆవిరిబండి
మాస్టారు గారు చెప్పిన గీత థర్మోలో ఎంత పని చేస్తుందో ఒక లెక్కతో చూపిస్తాను. గాలి మొత్తం తీసేసిన గట్టి ట్యాంకు ఉంది. వేడి అటూ ఇటూ పోకుండా చుట్టూ ఇన్సులేషన్. బయటి గాలి 300 కెల్విన్, అంటే 27 డిగ్రీలు. వాల్వు తెరిచారు. గాలి లోపలికి దూసుకుపోయింది. లోపలి పీడనం బయటి పీడనంతో సమానం కాగానే వాల్వు మూసేశారు. ఆ క్షణాన లోపలి గాలి ఉష్ణోగ్రత ఎంత? 300 అని చెప్పేవాళ్లు కొందరు. ఖాళీలోకి వ్యాకోచించింది కాబట్టి చల్లబడుతుందని ఇంకొందరు. జవాబు 420 కెల్విన్, 147 డిగ్రీలు.

ఈసెట్_దారి
అన్నా, ఎవరూ వేడి ఇవ్వలేదు కదా? ఆ 120 డిగ్రీలు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఆవిరిబండి
గీత ఎక్కడ గీశావో చూసుకో తమ్ముడూ. ట్యాంకు చుట్టూ గీస్తే ద్రవ్యరాశి లోపలికి వస్తూ ఉంటుంది, తికమక. చివరికి లోపల ఉండబోయే గాలి మొత్తం చుట్టూ గీయి. వాల్వు తెరవక ముందు ఆ గాలంతా బయటే ఉంది. దాన్ని వాతావరణం వెనక నుంచి నెట్టి లోపలికి పంపింది, అంటే దాని మీద పని చేసింది. వేడి బయటికి పోయే దారి లేదు కాబట్టి ఆ పనంతా అంతర్గత శక్తిగా మిగిలింది. బయట ఉన్నప్పటి ఎంథాల్పీ, అంటే అంతర్గత శక్తీ నెట్టుడు పనీ కలిపిన మొత్తం, లోపలికి వచ్చాక అంతర్గత శక్తి అయింది. అందుకే ఉష్ణోగ్రత విశిష్టోష్ణాల నిష్పత్తి మేరకు, అంటే 1.4 రెట్లు పెరిగింది. నిజం ట్యాంకులో ఇనుము చాలా వేడిని పీల్చుకుంటుంది, చేయి పెట్టి చూస్తే 147 తెలియదులే. ఈ లెక్క అర్థమైతే టర్బైనుకూ కంప్రెసరుకూ ఎంథాల్పీ ఎందుకు వాడతారో ఎవరినీ అడగనక్కర్లేదు.

పట్టికల_పాప
చిన్న మాట. స్టీమ్ టేబుల్స్, అంటే ఆవిరి గుణాల పట్టికల పుస్తకం, సొంతంగా కొనుక్కోండి. పరీక్ష ముందు రోజు అరువు తెచ్చుకున్న పుస్తకంలో సూపర్‌హీటెడ్ పట్టిక ఏ పేజీలో ఉందో వెతకడంలోనే అరగంట పోతుంది.

బాలానగర్_షాపు
నాది భిన్నాభిప్రాయం. హైదరాబాద్‌లో విమాన విడిభాగాలు చేసే చిన్న మెషిన్ షాపులో పని చేస్తున్నాను. కొత్తగా చేరే ఇంజినీర్లు కార్నో సైకిల్ గడగడా చెబుతారు, డ్రాయింగ్ చేతికిస్తే తడబడతారు. మెట్రాలజీని, అంటే కొలతల శాస్త్రాన్ని, అందరూ ల్యాబ్ రికార్డు నింపే సబ్జెక్టుగా చూస్తారు, నాకు అదే అన్నం పెడుతోంది. 25 మిల్లీమీటర్ల రంధ్రానికి హెచ్7 అని (కొలతలో ఎంత తేడా ఒప్పుకుంటారో చెప్పే గుర్తు) రాసి ఉంటే కొలత 25.000కీ 25.021కీ మధ్య ఉండాలి. అందులో తిరిగే షాఫ్టుకు జీ6 అంటే 24.980 నుంచి 24.993 వరకు. షాఫ్టుకు దొరికే వెసులుబాటు 13 మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు 13. ఇప్పుడు చూడండి. లేత్ మీద నుంచి అప్పుడే దింపిన ఉక్కు షాఫ్టు 60 డిగ్రీల దగ్గర ఉంటుంది. డ్రాయింగులోని కొలతలన్నీ 20 డిగ్రీలకు చెప్పినవి. 40 డిగ్రీల తేడాకు ఆ 25 మిల్లీమీటర్ల వ్యాసం సుమారు 12 మైక్రాన్లు పెరుగుతుంది. ఉన్న వెసులుబాటు దాదాపు మొత్తం వేడికే ఖర్చయిపోయింది. వేడి మీద మైక్రోమీటరు పెట్టి 24.990 చూసి సంబరపడితే, చల్లారాక అది 24.978. తిరస్కరిస్తారు. ఎండాకాలం మా షాపు వేడి సంగతి చెప్పనక్కర్లేదు, అందుకే తనిఖీ గదికి ఏసీ. తమ్ముడూ, లేత్ పని వచ్చన్నావు కదా, అది తక్కువ ఆస్తి కాదు. దాన్ని వదిలేసి గణితం వెంట పరుగెత్తకు.

గీతల_మాస్టారు
మంచి మాట చెప్పారు. అయితే ఆ 12 మైక్రాన్లు లెక్క కట్టడం ఎక్కడ నేర్చుకున్నారు? స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌లో థర్మల్ స్ట్రెస్ అధ్యాయమే కదా!

బాలానగర్_షాపు
మాస్టారూ, లెక్క అక్కడిదే. తిరస్కరించిన షాఫ్టు మాత్రం ఆ అధ్యాయంలో లేదు.

గగన_రేఖ
ఏరోనాటికల్ మిత్రుడి కోసం ఈ మాటలు. నేను చదివింది అదే బ్రాంచి, ఇప్పుడు స్ట్రక్చర్స్ విభాగంలో ఉద్యోగం. రెండు బ్రాంచీలకూ మొదట్లో పాఠాలు ఒకటే. దారి చీలేది గోడ మందం దగ్గర. మెకానికల్‌లో షాఫ్టు నిండుగా ఉంటుంది. విమానంలో అన్నీ పలుచని రేకులే.

డ్రాయింగ్ షీటును గొట్టంలా చుట్టి అంచు పొడవునా టేపు వేయండి. రెండు చివర్లూ పట్టుకుని మెలిపెట్టండి. బిగువుగా నిలుస్తుంది. ఇప్పుడు ఆ టేపును బ్లేడుతో పొడవునా కోసి మళ్లీ మెలిపెట్టండి. అంచులు ఒకదాని పక్క నుంచి ఒకటి జారిపోతాయి, చేతిలో బిగువే ఉండదు. కాగితం అదే, బరువూ అదే. గొట్టం వ్యాసార్ధం గోడ మందానికి 10 రెట్లయితే, మూసిన గొట్టం మెలికకు చూపే నిరోధం చీల్చినదానికి 300 రెట్లు. వ్యాసార్ధాన్ని మందంతో భాగించి, వర్గం చేసి, 3తో గుణిస్తే ఆ సంఖ్య వస్తుంది. విమానం రెక్క లోపల పెట్టెలాంటి నిర్మాణం ఎందుకు ఉంటుందో, తలుపు కోసం కోత పెట్టిన చోట చుట్టూ అంత బలం ఎందుకు చేర్చుతారో ఇందులోనే ఉంది. మూడో సంవత్సరంలో షియర్ ఫ్లో అని భయపెడతారు. ఈ కాగితం గొట్టం గుర్తుంటే భయం సగం తగ్గుతుంది.

రెండోది ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ. లిఫ్టు వైరు తాళ్లకు 10 అటూ ఇటూ పెట్టుకుంటారు. విమాన నిర్మాణానికి సాధారణంగా 1.5 మాత్రమే. సర్వీసులో ఎదురుకాగల గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు మోస్తే చాలు. అంతకుమించి బలం పెంచితే బరువు పెరుగుతుంది, ఎగరదు. 1995లో బోయింగ్ 777 రెక్కను పరీక్షలో విరిగేదాకా వంచితే 1.54 దగ్గర విరిగింది. 2006లో ఎయిర్‌బస్ ఏ380 రెక్క 1.45 దగ్గరే విరిగింది, ఆ చోట బలం చేర్చాల్సి వచ్చింది. అంత పెద్ద రెక్క ఎక్కడ విరుగుతుందో ముందే అంత దగ్గరగా లెక్క కట్టగలిగారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ లెక్కకు మొదటి మెట్టు మీరు ఈ సెమిస్టర్‌లో చదివే బెండింగ్ సమీకరణం.

ఏరో_రూమ్మేటు
ఆ మిత్రుణ్ణి నేనే. ధన్యవాదాలు మేడమ్, డ్రాయింగ్ షీటు ఒకటి బలైంది. మాకు గ్యాస్ డైనమిక్స్ కూడా ఉంది. నాజిల్‌లో బయటి పీడనాన్ని ఎంత తగ్గించినా ఒక దశ తరువాత ప్రవాహం పెరగదంటున్నారు. ఎందుకు?

ఆవిరిబండి
కన్వర్జింగ్ నాజిల్ అనుకో. బయట పీడనం తగ్గిందన్న కబురు గాలిలో ధ్వని వేగంతోనే వెనక్కి ప్రయాణించాలి. నాజిల్ ఇరుకైన చివర గాలి సరిగ్గా ధ్వని వేగంతో ముందుకు వస్తుంటే ఆ కబురు ఎదురీదలేదు. వెనక ట్యాంకుకు ఏమీ తెలియదు, అది పంపేదే పంపుతుంది. గాలికి ఈ స్థితి బయటి పీడనం ట్యాంకు పీడనంలో 0.528 వంతు కాగానే మొదలవుతుంది. గ్యాస్ టేబుల్స్‌లో మాక్ 1 (ధ్వని వేగం) వరస తీసి చూడు, అదే సంఖ్య ఉంటుంది.

టెక్సాస్_తెలుగు
ఇక్కడ ఎంఎస్ చేస్తూ బీఎస్ పిల్లల హోంవర్కు దిద్దుతున్నాను. సబ్జెక్టుల వరస దాదాపు మనదే: స్టాటిక్స్, డైనమిక్స్, తరువాత ఘన పదార్థాల మెకానిక్స్. తేడా ఏమిటంటే ప్రతి వారం హోంవర్కు, దానికీ మార్కులు. మన దగ్గర మిడ్ పరీక్షకు ముందు రాత్రి చదివే అలవాటుతో వచ్చినవాళ్లకు మొదటి నెల నరకం. ఇంకో తలనొప్పి ప్రమాణాలు. ద్రవ్యరాశికి స్లగ్, బలానికి పౌండు. ఒక స్లగ్ అంటే 14.59 కిలోలు. నవ్వకండి, 1999లో నాసా అంగారక నౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయింది ఇలాంటి తేడా వల్లే. భూమి మీది ఒక సాఫ్ట్‌వేర్ పౌండు-సెకన్లలో లెక్క ఇస్తే, అందుకున్నవాళ్లు న్యూటన్-సెకన్లు అనుకున్నారు. ప్రతి మెట్టులో సంఖ్య పక్కన ప్రమాణం రాయనివాళ్లకు నేను మార్కు కోస్తాను, ఎంత తిట్టుకున్నా సరే.

సూళ్లూరుపేట
మా ఊరి పక్కనే శ్రీహరికోట ఉంది కాబట్టి ఏరో మిత్రుడికి ఒక సరదా లెక్క. భూమధ్యరేఖ దగ్గర నేల తూర్పుకు సెకనుకు సుమారు 465 మీటర్ల వేగంతో తిరుగుతోంది. శ్రీహరికోట 13.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. కొసైన్‌తో గుణించు, 450 చిల్లర వస్తుంది. తూర్పుకు వదిలిన రాకెట్టుకు అది ఉచితం. కానీ ధ్రువ కక్ష్యకు దక్షిణంగా వెళ్లాలంటే ఆ లాభం అందదు, పైగా శ్రీలంక మీదుగా పోకుండా పక్కకు తిరగాలి. ఆ తిరుగుడుకు ఇంధనం ఖర్చు. తమిళనాడులో కులశేఖరపట్నం దగ్గర చిన్న రాకెట్ల కోసం కొత్త ప్రయోగ కేంద్రం ఎందుకు కడుతున్నారో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఏరో_రూమ్మేటు
సర్, ఇస్రోలో చేరాలంటే ఏరోనాటికల్ చదివినవాళ్లకే మొగ్గు ఉంటుందా?

గగన_రేఖ
ఆ అపోహ చాలామందికి ఉంది. ఇస్రో సైంటిస్ట్/ఇంజినీర్ నియామక ప్రకటనలు తీసి చూడండి, ఎక్కువగా కనిపించేవి ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ సైన్స్. అందుకే మీ రూమ్మేటుకు చెప్పండి, మెకానికల్‌లో చేరినందుకు ఆకాశం ఏమీ మూసుకుపోలేదని.

ఈసెట్_దారి
చెప్పాడు, మురిసిపోయాను. ఒక్క సందేహం మిగిలింది. గణితంలో నేను వెనక్కి వెళ్లి ఏవి చదవాలి? మొత్తం పుస్తకం కుదరదు.

గీతల_మాస్టారు
మొత్తం అక్కర్లేదు. ఫస్ట్ ఆర్డర్, సెకండ్ ఆర్డర్ సాధారణ అవకలన సమీకరణాలు (మీరన్న డిఫరెన్షియల్ ఈక్వేషన్లే), అవీ స్థిర గుణకాలవి. వైబ్రేషన్స్ సగం వాటి మీదే నడుస్తుంది, దూలం వంపు లెక్క కూడా వాటిదే. పాక్షిక అవకలనాలు థర్మోలో మాక్స్‌వెల్ సంబంధాలకు కావాలి. మాత్రికల్లో ఐగెన్ విలువలు వస్తే మోర్ వృత్తం (ఏ వాలులో ఎంత స్ట్రెస్ ఉందో చూపే బొమ్మ) బట్టీ పట్టనక్కర్లేదు. ఫోరియర్ శ్రేణి హీట్ ట్రాన్స్‌ఫర్ నాటికి చూసుకోవచ్చు. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఈ పాఠాలన్నీ ఉచితంగా ఉన్నాయి. వింటూ పోకండి, ఆపి లెక్క చేయండి. ఒక సుద్దముక్క తీసుకుని మెలిపెట్టి విరిచి చూడండి, విరిగిన అంచు అక్షానికి 45 డిగ్రీల వాలులో మర తిరిగినట్టు ఉంటుంది. అలా ఎందుకు విరిగిందో ఐగెన్ విలువలతో రాసి ఇక్కడ పెట్టండి, నేను దిద్దుతాను.

ఆవిరిబండి
నా తరఫునా ఒకటి. అదే ట్యాంకు, కానీ ఖాళీ కాదు. లోపల ముందే 300 కెల్విన్ దగ్గర గాలి ఉంది, పీడనం బయటిదానిలో సగం. వాల్వు తెరిచి, పీడనాలు సమానం కాగానే మూసేశారు. ఉష్ణోగ్రత?

ఈసెట్_దారి
350 కెల్విన్ వచ్చింది. 77 డిగ్రీలు. లోపల ముందే ఉన్న గాలిని కూడా కలిపి గీత గీశాను.

ఆవిరిబండి
350 సరైనదే. ఇక బయటి గాలి 300 కాకుండా 320 అని పెట్టి చేయి, పాత గాలి మాత్రం 300 లోనే ఉంచు.